సేవాసంఘముల పనియు, దాని చాటింపును

చేసిన మేలును చెప్పుకొనరాదని మన పెద్దలు మనకు చిన్ననాటనే నేర్పిరి. చేసిన పుణ్యము చెప్పిన పోవునను మాట వినని యిల్లు తెలుగునాట నుండదు. భారతము చదివిన సోదరీమణులకు యయాతి కథ జ్ఞాపకముండును. ఎన్నియో యజ్ఞములు చేసి, ఘోరతపస్సు చేసి స్వర్గమునకు బోయిన యా మహారాజు, ఇంద్రుడు ప్రశ్నింపగా, తపమున నాకు సాటివచ్చువారు దేవతలలో లేరు, మనుష్యులలో లేరు, మహర్షులలోను లేరని పలికెను. ఆ యొక్క మాటతో నాతని పుణ్యము తఱిగి, స్వర్గమునుండి పడవలసివచ్చెను. అశ్వమేధ పర్వములోని ముంగిస కథయు నట్టిదే. ధర్మరాజు చేసిన యాగమును లోకమంతయు కొనియాడుచుండగా, సగము మేను బంగారమైన ముంగిస యొకటి వచ్చి, సక్తుప్రస్థుడను పేద గృహస్థుని కుటుంబము కఱవుదినములలో అతిథికి బెట్టిన కొలదిపాటి పిండికి ఈ యాగము సాటిరాదని నిండుసభలో చెప్పినది.

ఇట్టి కథలు వినుచు పెరిగిన మనకు, నేటి సేవాసంఘముల వారి చాటింపులు చూచినప్పుడు మనస్సు కొంచెము ముడుచుకొనుట సహజము. రోగి చేతిలో రెండు అరటిపండ్లు పెట్టి, ఆ పండ్లను పదిమంది పట్టుకొని చిత్రము తీయించుకొనుట, వీధి కడ్డముగా దాతల పేరులతో గుడ్డలు కట్టించుట మాకును రుచింపదు. సేవ చేయువారు మౌనముగా చేసిన చాలదా యని యెందఱో గృహిణులు మమ్మడిగిరి. వారి ప్రశ్న న్యాయమైనది. దానికి సమాధానము చెప్పుటకే ఈ వ్యాసము.

మా యభిప్రాయము ముందే చెప్పెదము. సేవ చేసినవాని గొప్పను చాటుట వేఱు. సేవ యున్నదను వార్తను అక్కఱగలవానికి చేర్చుట వేఱు. మొదటిది యయాతి పలికిన మాట. దానిని మానవలెను. రెండవది సేవలో నొక భాగము. దానిని మానినచో సేవ కుండలోని దీపమగును. అడుగనిదే అమ్మయైనను పెట్టదందురు. కాని పెట్టు చేయి యెక్కడ నున్నదో తెలియనివాడు ఎవరి నడుగును? ఈ రెండవ చాటింపు సరిగా జరుగవలెనన్నచో, అది వీధిలో వ్రేలాడు గుడ్డవలన గాదు, ఇల్లిల్లు తిరిగి చెప్పు స్త్రీలవలననే జరుగవలెను.

సేవాసంఘమనగా నేమో, అది మన దేశమున కెట్లు వచ్చినదో తెలియనివారి కొఱకు నాలుగు మాటలు. 1905వ సంవత్సరమున అమెరికాలోని చికాగో నగరమున పాల్ హారిస్ అను న్యాయవాది మఱి ముగ్గురు మిత్రులతో గూడి యొక సంఘము పెట్టెను. వారు వంతులవారీగా ఒక్కొక్కరి కార్యాలయమున కూడుచుండుటచే దానికి రోటరీ యను పేరు వచ్చినది. మొదట స్నేహమునకై కూడినను, త్వరలోనే ఊరి మేలు వారి పని యయ్యెను. ఆ నగరమున బాటసారుల కొఱకు మరుగుదొడ్లు ఏర్పడునట్లు చేయుట వారి తొలి సేవలలో నొకటి. 1917లో అదే నగరమున మెల్విన్ జోన్స్ అను నాతడు లయన్స్ సంఘమును స్థాపించెను. రోటరీ మన దేశమున 1920లో కలకత్తాలో నెలకొన్నది. లయన్స్ 1956లో బొంబాయిలో మొదలయ్యెను. నేడు మన చిన్న పట్టణములలో సహితము ఈ సంఘముల శాఖలు గలవు. వర్తకులు, వైద్యులు, ఉపాధ్యాయులు, ఉద్యోగులు చందాలు వేసికొని, నేత్రపరీక్షలు, రక్తదానములు, బడిపిల్లలకు పుస్తకములు, తుపాను దెబ్బతిన్న గ్రామములకు బియ్యము మున్నగు పనులు చేయుచుందురు.

ఈ సంఘములలో స్త్రీలకు చాలకాలము చోటులేకుండెనన్న సంగతి మన పాఠకురాండ్రు గమనింపదగినది. భర్తలు సభ్యులు, భార్యలు వంటచేసి, బట్టలు కుట్టి, రోగులకు పరిచర్య చేసి, పేరు లేక యుండెడివారు. ఇంగ్లండులోని మాంచెస్టరునందు 1924లో మార్గరెట్ గోల్డింగ్ అను నామె రోటరీ సభ్యుల యింటి స్త్రీలను కూడగట్టి ఇన్నర్ వీల్ అను వేఱు సంఘమును పెట్టెను. ఆమె పూర్వము రోగులకు ఉపచారములు చేయు నర్సుగా నుండెను. లయన్స్ వారు 1987లోను, రోటరీ వారు అమెరికా సర్వోన్నత న్యాయస్థానము తీర్పు తరువాత 1989లోను తమ నియమములు మార్చి స్త్రీలను సభ్యులుగా చేర్చుకొనుట కంగీకరించిరి. అనగా స్త్రీ చేసిన సేవ లెక్కకు వచ్చుటకు ఎనుబది యేండ్లకు పైగా పట్టినది.

మన తెలుగువారిలో స్త్రీలు అంతకాలము వేచియుండలేదు. 1902లో మచిలీపట్టణమున బండారు అచ్చమాంబగారు బృందావన స్త్రీ సమాజమును నెలకొల్పిరి. పిదప ఊరూర తిరిగి సమాజములు పెట్టుడని స్త్రీలను ప్రోత్సహించిరి. అబలా సచ్చరిత్ర రత్నమాల వ్రాసిన యా విదుషీమణి 1905లో, ముప్పది యేండ్ల వయస్సుననే, పరమపదించిరి. ఆమె మాట ఆమెతో అంతరింపకుండుటకు నాటి స్త్రీల పత్రికలు కారణము. 1902లోనే మొదలైన హిందూసుందరి వంటి పత్రికలు సమాజముల వార్తలను ప్రకటించుచుండెను. ఒక యూరి స్త్రీలు చేసిన పని చదివి మఱియొక యూరి స్త్రీలు తామును పూనుకొనిరి. 1937లో దుర్గాబాయిగారు మదరాసునందు స్థాపించిన ఆంధ్ర మహిళాసభ విద్యాలయములు, వైద్యాలయములు గల మహాసంస్థగా పెరిగినది. అచ్చమాంబగారు తన పేరు ప్రాకవలెనని తిరుగలేదు; పని ప్రాకవలెనని తిరిగిరి. మే మనుకొను మంచి చాటింపునకు ఇంతకంటె వేఱు దృష్టాంతము వెదకనక్కఱలేదు.

ఇక మా పొందూరి సంగతి. ఇది శ్రీకాకుళము జిల్లాలోనిది. ఇచటి సన్నని ఖాదీబట్ట పేరు దేశమంతట వినబడినది. స్వరాజ్యోద్యమకాలమున గాంధీమహాత్ముని ప్రశంస నందిన బట్ట యిది. అయితే ఆ బట్టను కొని కట్టుకొనువారిలో దాని పుట్టుక నెఱిగినవారు తక్కువ. గింజతోనున్న పత్తిని వాలుగ చేప దవడ యెముకతో దువ్వెనవలె దువ్వి నలుసు లేకుండ చేయుదురు. గింజ తీసి, చిన్న వింటితో దూదిని ఏకి, ఏకులు చుట్టి, ఎండిన అరటిదొప్పలో పదిలపఱతురు. ఆ పిదప ఒంటికదురు రాట్నముపై నూలు వడుకుదురు. నూఱవ నంబరు నూలు ఇచ్చట చేతితోనే వచ్చును. ఈ పనులన్నియు చేయునది స్త్రీలే. అందును పెద్దవయస్సువారే యెక్కువ. వీరికి పని చూపి, నూలు కొని, నేతగాండ్రచే నేయించి, బట్టను విక్రయించుటకు ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘము 1949లో ఏర్పడినది.

ఈ పనికి చేతివేళ్లు ఎంత ముఖ్యమో కన్నులంత ముఖ్యము. పోగు వెండ్రుకవంటిది. చూపు మసకబారినకొలది పోగు లావగును, తెగును, తెగినదానిని అదుకుటకే ప్రొద్దు గడచును. ప్రొద్దు గడచినను కూలి రాదు. పెద్దవయస్సున కంటిలో పొర క్రమ్ముట, దానినే శుక్లమందురు, మన దేశమున గ్రుడ్డితనమునకు ముఖ్యమైన కారణము. అయినను దానికి మంచి చికిత్స కలదు. మసకబారిన కటకమును తీసి, దానిచోట కృత్రిమ కటకము నమర్చిన చూపు మరల వచ్చును. 1976 మొదలు ప్రభుత్వము అంధత్వనివారణ కార్యక్రమమును నడుపుచున్నది. సేవాసంఘములవారు నేత్రవైద్యులను గ్రామములకు రప్పించి, పరీక్షింపించి, ఉచితముగా శస్త్రచికిత్స చేయించుచున్నారు. అనగా వైద్యమున్నది, ధనమున్నది, వైద్యుడున్నాడు. అయినను చూపు పోగొట్టుకొనువారున్నారు. ఎందువలన?

కొన్ని యేండ్ల క్రిందట మా ప్రాంతమున ఒక సేవాసంఘమువారు ఉచిత నేత్రపరీక్ష జరిపిరి. వారి పేరు చెప్పుట అనవసరము. వీధి మొగమున పెద్ద గుడ్డ కట్టించిరి. అందు పైభాగమున ప్రారంభించు పెద్దమనుష్యుని చిత్రము. నడుమ పదునొకండుగురు దాతల పేరులు. క్రింది మూలను, చీమలబారువలె, తేదీయు స్థలమును. మా వీధిలో రాట్నము త్రిప్పుకొని బ్రదుకు అవ్వ యొకతె యుండెను. ఆమెకు రెండు కన్నులును మసకలే. పరీక్ష జరిగిన మూడవనాడు మే మామెను, వెళ్లలేదేమి అవ్వా, అని యడిగితిమి. ఆమె చెప్పిన మాట ఆమె నోటి మాటగనే వ్రాయుచున్నాము: "నాకెవులు సెప్పినారమ్మా? గుడ్డమీద రాసి కట్టినారంట. ఆ గుడ్డ నాకగుపడితే కళ్లెందుకు సూపించుకుంతాను?"

మరుసటి యేడు మఱల పరీక్ష జరిగినప్పుడు మా వీధి స్త్రీలము ఆమెను వెంటబెట్టుకొని పోతిమి. కుడికంటిలో నున్నది శుక్లము, దానిని తీసివేసిరి, ఆ కన్ను బాగైనది. ఎడమకంటి జబ్బు వేఱు. నీటికాసులు అను రోగము లోపలి నరమును తినివేయుచున్నదని వైద్యులు చెప్పిరి. ఈ రోగమున పోయిన చూపు తిరిగి రాదు. మిగిలినదానిని మాత్రము మందుతో కాపాడుకొనవలెను. ముందు వచ్చినకొలది మిగులునది యెక్కువ. ఒక యేడాది యాలస్యమున ఆ కంటిలో నెంత చూపు పోయినదో యెవరు లెక్కింపగలరు? గుడ్డపై తేదీ పెద్దయక్షరములతో నుండి, దానిని ఎవరైన ఆమెకు చదివి చెప్పియున్నచో ఆ యేడాది పోకుండెడిది. చాటింపు సరిగా లేకపోవుట చిన్న లోపమని తలచువారు ఈ సంగతి నాలోచింతురుగాక.

తేదీ తెలిసినంత మాత్రాన కూడ పని తీఱదు. అవ్వవంటివారు పరీక్షకు రాకుండుటకు వారి కారణములు వారికున్నవి. కన్ను కోసినచో ఉన్న చూపు పోవునేమో యను భయము. వెంట వచ్చుటకు కొడుకు కూలిపని మానలేడు. కోడలు పురిటిమంచమున నున్నది. ఆస్పత్రిలో అన్నమెవరు పెట్టుదురు? ఉచితమన్నచో నాసివైద్యమేమో? తరువాత ఎన్నాళ్లు పొగలో వంట చేయరాదు? ఇట్టి ప్రశ్నలకు గుడ్డ సమాధానము చెప్పదు. వీథి అరుగుమీద కూర్చుండి, మన యింటి పెద్దమ్మకు చెప్పినట్లు చెప్పవలెను. చికిత్స చేయించుకొని చూపు తెచ్చుకొన్న యిరుగుపొరుగు స్త్రీని వెంటబెట్టుకొని పోయిన మఱియు మంచిది. ఆమె ముఖము చూచిన తరువాత భయము సగము తగ్గును.

చాటింపు ఒక ప్రక్కకే పోవునది కాదు. అక్కఱగలవాని మాట సంఘమునకు చేరుటయు చాటింపే. కన్నులు చెవులు రెండును లేని హెలెన్ కెల్లర్ అను విదుషీమణి 1925లో ఒహైయో రాష్ట్రమునందలి సీడర్ పాయింటు అను చోట లయన్స్ సంఘముల మహాసభలో మాటలాడెను. అంధుల పక్షమున నిలిచి పోరాడుడని ఆమె వారిని వేడెను. ఆనాటినుండి నేత్రసేవ ఆ సంఘమునకు ముఖ్యవ్రతమైనది. నేడు మన పల్లెలలో జరుగు పరీక్షల కన్నిటికి వెనుక ఆ యొక్క స్త్రీ మాట కలదు. సభలో కూర్చున్నవారికి ధనముండెను, మంచిమనస్సుండెను. ఏమి చేయవలెనో తెలియదు. తెలిసినవారు చెప్పిరి. మన జిల్లాను తఱచు తుపానులు బాధించును. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ వచ్చి పోయినవి. అట్టి సమయమున దూరపు సంఘములవారు తమకు తోచినది పంపుదురు. పైకప్పు లేచిపోయిన యింటికి పాతచీరలకంటె టార్పాలిను గుడ్డ ముఖ్యము. పసిబిడ్డ యున్న యింటికి బియ్యముకంటె ముందు మంచినీరు ముఖ్యము. ఈ సంగతి ఆ యింటి యిల్లాలికే తెలియును. ఆమె మాటను సంఘమువారి చెవిని వేయువారుండవలెను.

చాటింపు సరిగా జరిగిన చోట నెంత ఫలము కలిగినదో పోలియో కథ చూపును. రోటరీ సంఘము 1985లో ఈ వ్యాధిని లోకమునుండి తొలగించుటకు పూనుకొన్నది. 1988లో ప్రపంచదేశములన్నియు ఆ సంకల్పమును స్వీకరించిరి. నాడు నూట యిరువదియైదు దేశములలో ఏటేట సుమారు 3,50,000 మంది బిడ్డలు ఈ వ్యాధి పాలగుచుండిరి. మన దేశమున 1995 మొదలు, ఒకే దినమున దేశమందలి పసిబిడ్డలందఱికి చుక్కలు వేయు పద్ధతి వచ్చినది. మందు మందు పెట్టెలోనుండి బిడ్డ నోటిలోనికి వచ్చుటకు ఎన్ని నోళ్లు పలికినవో తలచుడు! ఆరోగ్యకార్యకర్తలు, అంగన్‌వాడీ స్త్రీలు, సంఘముల స్వచ్ఛందసేవకులు ఇల్లిల్లు తిరిగిరి. ఈ చుక్కలవలన బిడ్డలకు కీడు కలుగునను వదంతులు కొన్ని చోట్ల పుట్టినవి. వానిని పోగొట్టినది పోస్టర్లు కావు. ఆ వీధిలోనే పుట్టి పెరిగిన స్త్రీలు, ఆ వాడవారు గౌరవించు మతపెద్దలు వచ్చి చెప్పిన మీదటనే తలుపులు తెరచుకొన్నవి.

అందు మాకు మిక్కిలి నచ్చిన సంగతి యొకటి కలదు. చుక్కలు వేసిన బిడ్డ యెడమచేతి చిటికెనవ్రేలికి సిరాతో గుర్తు పెట్టుచుండిరి; చూచిన యింటి గోడపై సుద్దతో గుర్తు వ్రాయుచుండిరి. ఆ గుర్తు దాత పేరు గాదు. ఏ బిడ్డకు అందినది, ఏ యింట నింకను మిగిలినది తెలుపునది మాత్రమే. కడపట 2011 జనవరి 13వ తేదీన పశ్చిమబెంగాలులోని హౌరా జిల్లాలో ఒక బాలికకు వచ్చినదే మన దేశమున ఆ వ్యాధికి తుది యుదాహరణమైనది. 2014 మార్చి 27న మన దేశము పోలియోరహితమని ప్రపంచారోగ్యసంస్థవలన ధ్రువీకరింపబడెను. ఇందు ప్రభుత్వముల వ్రేయి చేతులున్నవి, సంఘముల ధనమున్నది, కాని తల్లి చెవికి మాట చేర్చిన స్త్రీ లేకున్న మిగిలినదంతయు వ్యర్థమై యుండెడిది.

సేవలలో కొన్ని ఇంటివారికి ముందుగా తెలియనిదే జరుగనే జరుగవు. నేత్రదానమట్టిది. ప్రాణము పోయిన తరువాత ఆఱు గంటలలోపల కన్నులను సేకరింపవలెను. ఇంట నేడ్పులు రేగిన వేళ క్రొత్తగా ఈ మాట యెవరు చెప్పగలరు, ఎవరు వినగలరు? బ్రదికియున్నప్పుడే ఇంటిల్లిపాది అనుకొని యుండవలెను. ఎవరి వయస్సైనను అభ్యంతరము లేదు. కంటద్దములు పెట్టుకొన్నవారును, శుక్లము తీయించుకొన్నవారును ఈయవచ్చును. కొన్ని అంటురోగములుండిన పనికిరావు; ఆ నిర్ణయము నేత్రనిధివారు చేయుదురు. వారు వచ్చులోపల కనుఱెప్పలు మూసి, వానిపై తడిదూది యుంచి, విద్యుత్తు పంకా నాపి, తలక్రింద దిండు పెట్టి కొంచె మెత్తుగా నుంచవలెను. ముఖము వికారమగునను భయము వలదు. కంటి ముందుభాగమున నుండు పారదర్శకమగు పొరయే దృష్టిదానమున కుపయోగపడునది. దీనివలన ఇద్దఱికి చూపు రావచ్చును. శుక్లమువలన పోయిన చూపునకు ఇట్టి దానము అక్కఱలేదనియు, నల్లగ్రుడ్డు పైపొర చెడినవారికే ఇది పనికివచ్చుననియు తెలిసికొనుట మంచిది. ఏటేట ఆగస్టు 25 మొదలు సెప్టెంబరు 8 వఱకు దీనిని గూర్చి దేశమంతట ప్రబోధము జరుగును.

రక్తదానమును గూర్చియు మన యిండ్లలో భయములెక్కువ. ఇచ్చినవారు నీరసించి పడిపోదురని తల్లులు కుమారులను వారింతురు. పదునెనిమిది యేండ్లు నిండి, 45 కిలోల బరువునకు తక్కువగాక, రక్తములో హిమోగ్లోబిన్ 12.5 గ్రాములకు తగ్గక యున్న ఆరోగ్యవంతులు రక్తమీయవచ్చును. పురుషులు మూడు నెలలకొకమారు, స్త్రీలు నాలుగు నెలలకొకమారు ఈయవచ్చునని నియమము. గర్భవతులును, పాలిచ్చు తల్లులును ఈయరాదు. కాన్పువేళ రక్తస్రావమై ప్రాణాపాయమున బడిన స్త్రీకి ఎవరో యెఱుగని వ్యక్తి యిచ్చిన రక్తమే యాధారము. ఇది తెలిసిన తల్లి తన కుమారుని చేయి పట్టి వెనుకకు లాగదు.

ఇక చాటింపులో మానవలసినవానిని గూర్చి. దుప్పటి పుచ్చుకొన్న ముసలివాని ముఖమును, పుస్తకము పుచ్చుకొన్న బాలిక ముఖమును చిత్రములో చూపుట మాని, చేసిన పనిని మాత్రము చూపవలెను. నేడు తీసిన చిత్రము చరవాణులలో నూరంతయు తిరుగును. ఆ బాలిక మఱునాడు బడికి పోవలెను. తోడిపిల్లల నడుమ కూర్చుండవలెను. ఆమె సిగ్గుపడినచో ఇచ్చిన పుస్తకమునకు వెల తీసికొన్నట్లే. ఇందులకు బదులు చాటవలసినది జమాఖర్చు. ఇంత చందా వచ్చినది, ఇందుల కింత ఖర్చైనది, ఇంత నిలువయున్నది, ఇందఱికి చికిత్స జరిగినది, ఇందఱు ఇంకను వేచియున్నారు అని ఊరి చావడి గోడపై అందఱు చదువునట్లు వ్రాయింపవలెను. దీనివలన దాతల పేరు మూలబడినను, సంఘముపై నమ్మకము పెరుగును. నమ్మకము పెరిగినచోట చందా అడుగనక్కఱయే యుండదు.

ఇందు గృహిణులము మేమేమి చేయగలమని కొందఱడుగవచ్చును. చేయగలిగినవి చాల గలవు, వానికి ధనమక్కఱలేదు. ప్రకటన వచ్చినప్పుడు దానిని చదువురాని యిరుగుపొరుగులకు చదివి చెప్పుట మొదటిది. ఏనాడు, ఎచ్చట, ఏ గంటకు, ఏమి తీసికొని రావలెను, ఖర్చేమైన గలదా, రాత్రి ఉండవలెనా, తిరిగి యెప్పుడు రావలెను అను ఏడు సంగతులును చెప్పినగాని చెప్పినట్లు గాదు. మా యింటివారు పనిచేయు బడిలో ఇట్టి ప్రకటనను పిల్లలకు ఉక్తలేఖనముగా చెప్పి వ్రాయించి, ఇంటికి పోయి పెద్దలకు చదివి వినిపింపుడని పంపుచున్నారు. పిల్లలకు అక్షరములు కుదిరినవి. అవ్వలకు వార్త చేరినది. రెండవది, తోడుపోవుట. ముసలియామెతో ఆస్పత్రికి పోవు కోడలి యింట ఆ పూట వంట మనము చేసిపెట్టినచో, ఒక శస్త్రచికిత్సకు సాయపడినట్లే. మూడవది, మన వీధి అక్కఱలను సంఘమువారికి తెలుపుట. నాలుగవది, లెక్క అడుగుట. చందా యిచ్చినవారు గాని, ఈయనివారు గాని, ఊరిపేర జరుగు పనికి లెక్క అడుగుట అందఱి హక్కు. అయిదవది, తీరిక గలవారు సభ్యులుగా చేరుట. నేడు తలుపులు తెరచియున్నవి. సంఘములో స్త్రీ కూర్చున్నచో, నేత్రపరీక్ష రోజు వరికోతల దినము గాకుండ, పరీక్షాస్థలమున స్త్రీలకు మరుగుదొడ్డి యుండునట్లు ముందే మాటలాడగలదు. ఈ సంగతులు పురుషులకు తోచవని కాదు. వానివలని యిబ్బంది వారికి కలుగదు.

మా యూరి ఖాదీని గూర్చి ఒక్క మాట చెప్పి ముగింతుము. ఆ బట్టను కొని పేటికలో దాచుకొను సోదరీమణులు, దానిలోని ప్రతి పోగును ఒక స్త్రీ కన్నులు చూచి చూచి తీసినవని జ్ఞాపకముంచుకొందురుగాక. ఆ కన్నులను కాపాడు ఉపాయములు మన దేశమున నేడు లేకపోలేదు. లేనిది ఆ యుపాయమునకును ఆ యింటి గడపకును నడుమ నడచు మనిషి. ఈ పత్రిక మీ చేతికి వచ్చినదనగా మీకు చదువు వచ్చునన్నమాట. ఇకముందు మీ యూర సేవాసంఘమువారి ప్రకటన కనబడినప్పుడు, అందలి పేరులు విడిచిపెట్టి, తేదీయు స్థలమును చూచుకొని, చదువురాని యొక్క యింటికైన పోయి చెప్పిరండి. మీ వీధిలో చూపు మందగించిన పెద్దవారెందఱున్నారో నేడే తలచి లెక్కింపుడు.